పతకం పదకొండు మందికేనా?

సంపాదకుల వారికి నమస్కారం.

ఈ మధ్య మీ జిల్లా పేజీలో పాఠశాలల ఫుట్‌బాల్ పోటీల ఫలితాలు వేశారు. గెలిచిన జట్టు ఫొటో కూడా వచ్చింది, సంతోషం. కానీ ఫొటో కింద పదకొండు పేర్లే ఉన్నాయి. వెనక వరసలో నిలబడ్డ మిగతా పిల్లల పేర్లు లేవు. మీకు చోటు చాలక అలా చేశారని నేను అనుకోవడం లేదు. నిర్వాహకులు పంపిన కాగితంలోనే పదకొండు పేర్లు ఉండి ఉంటాయి. గుంటూరు చుట్టుపక్కల ప్రభుత్వ బళ్లలో డ్రిల్లు మాస్టారుగా పనిచేసి రిటైరైనవాణ్ణి, ఆ కాగితాలు ఎలా తయారవుతాయో దగ్గరుండి చూశాను. దాని గురించే ఈ ఉత్తరం. కాకపోతే ముందు ఆర్మేనియా మూలాలున్న ఒక సోవియట్ ఫుట్‌బాల్ ఆటగాడి సంగతి చెప్పాలి. పేరు నికిటా సిమోన్యాన్. ఈ 2026 అక్టోబరు 12కు ఆయన పుట్టి నూరేళ్లు. మన క్రీడా పేజీల్లో ఆ పేరు కనిపించగా నేనైతే చూడలేదు.

ఆయన నాకు తెలిసింది సోవియట్ భూమి పత్రిక వల్ల. మా నాన్న పొగాకు కంపెనీలో పనిచేసేవారు, యూనియన్‌లో తిరిగిన మనిషి. ఇంటికి ఆ పత్రిక తెప్పించేవారు. కాగితం దళసరిగా, నున్నగా ఉండేది. నాన్న చదవడం అయిపోగానే మా క్లాసు పుస్తకాలకు అట్టలయ్యేది. ఆ రోజుల్లో గుంటూరు, బెజవాడల్లో చదువుకున్న చాలామందికి ఈ సంగతి గుర్తుండే ఉంటుంది. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా నా సోషల్ పుస్తకం అట్ట మీద ఒక ఫుట్‌బాల్ జట్టు ఫొటో పడింది. మధ్యలో కప్పు, చుట్టూ చెమటలు కారుతూ ఆటగాళ్లు, ఓ పక్కన కోటు వేసుకున్న మనిషి. ఆ కోటు మనిషే కోచ్ అనీ, ఒకప్పుడు గోల్స్ కొట్టడంలో సోవియట్ దేశం మొత్తానికి మొదటివాడనీ నాన్న చదివి చెప్పారు. అప్పటికి నేనూ ఫార్వర్డ్‌గానే ఆడుతున్నాను. అంత గొప్ప ఫార్వర్డ్ అలా పక్కకు జరిగి నిలబడ్డాడేమిటని నాకు ఆశ్చర్యం. ఆ తర్వాత బెజవాడ ఏలూరు రోడ్డులో విశాలాంధ్ర పుస్తకాల షాపుకు వెళ్లినప్పుడల్లా ఆయన గురించి ఏమైనా దొరుకుతుందేమోనని వెతకడం అలవాటైంది. ఇప్పుడు ఫోన్లో అన్నీ దొరుకుతున్నాయనుకోండి.

సిమోన్యాన్ పుట్టింది రష్యాలోని అర్మావీర్‌లో, పెరిగింది నల్లసముద్రం ఒడ్డున సుఖుమిలో. తల్లిదండ్రులు ఆర్మేనియన్లు. తండ్రి చెప్పులు కుట్టి ఇల్లు నడిపేవాడు. ఇంట్లో పెట్టిన పేరు మ్‌క్రితిచ్. నోరు తిరగక తోటి పిల్లలు నికిటా అన్నారు, అదే నిలిచిపోయింది. 1946లో మాస్కో వెళ్లి క్రిల్యా సోవెతోవ్ అనే జట్టులో చేరాడు. ఆ జట్టు సుఖుమికి వచ్చినప్పుడు, జార్జియా జట్టు త్బిలిసి డైనమోకు ఆడాల్సిందేనని అక్కడి అధికారులు ఒత్తిడి తెచ్చి, ఇల్లు సోదా చేసి, తండ్రిని కూడా పట్టుకెళ్లారట. ఈ మాట ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. కుర్రాడు మాత్రం మాస్కో వదల్లేదు. క్రిల్యా సోవెతోవ్‌ను రద్దు చేశాక 1949లో మాస్కోలోనే ఇంకో జట్టు స్పార్టక్‌కు వచ్చాడు. తన వైమానిక దళం జట్టుకు రమ్మని స్టాలిన్ కొడుకు వాసిలీ స్వయంగా పిలిస్తే, నేను స్పార్టక్‌కే ఆడతానని మర్యాదగా చెప్పి వచ్చేశాడు. ఆ కాలంలో ఆ ఇంటి మనిషికి కాదని చెప్పడం ఎంత పనో ఊహించుకోండి.

స్పార్టక్‌లో మొదటి ఏడాదే 26 గోల్స్ కొట్టి లీగ్‌లో అందరికంటే ముందు నిలిచాడు. మరుసటి ఏడాది, 1950లో 34 కొట్టాడు. ఒక సీజన్‌లో అన్ని గోల్స్ అనే ఆ రికార్డు 1985 దాకా చెక్కుచెదరలేదు. 1952, 1953, 1956, 1958లలో స్పార్టక్ లీగ్ గెలిస్తే నాలుగుసార్లూ జట్టులో ఉన్నాడు. క్లబ్బు తరఫున మొత్తం 160 గోల్స్ ఆయనవి, స్పార్టక్ చరిత్రలో అదే అత్యధికం. 1958లో సోవియట్ జట్టు మొట్టమొదటిసారి ప్రపంచ కప్ ఆడింది. అప్పుడు కెప్టెన్ సిమోన్యానే. గోథెన్‌బర్గ్‌లో ఇంగ్లండ్ మీద 2-2తో ముగిసిన తొలి మ్యాచ్‌లో, ప్రపంచ కప్‌లో సోవియట్ దేశానికి తొలి గోల్ కూడా ఆయనదే.

నేను చెప్పదలచుకున్నది మాత్రం 1956 నాటి మెల్‌బోర్న్ ఒలింపిక్స్ సంగతి. మనవాళ్లకు అది వేరే కారణంతో గుర్తుండాలి. ఆ ఒలింపిక్స్‌లో మన దేశం ఫుట్‌బాల్ సెమీఫైనల్ ఆడింది. కోచ్ హైదరాబాద్ నుంచి వెళ్లిన సయ్యద్ అబ్దుల్ రహీం, వృత్తికి బడిపంతులు. మా డ్రిల్లు మాస్టార్లందరికీ దేవుడిలాంటి మనిషి. అంతకు ముందు ఏడాది సెప్టెంబరులో మాస్కోలో సోవియట్ జట్టు చేతిలో మనవాళ్లు 11-1తో ఓడారు. పద్నాలుగు పదిహేను నెలలు తిరిగేసరికి మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. సెమీస్‌లో యుగొస్లావియా మీద కూడా మొదటి గోల్ మనదే, అదీ డిసౌజాదే. చివరికి 4-1తో ఓడిపోయారు. కాంస్యం కోసం ఆడిన మ్యాచ్‌లో బల్గేరియా 3-0తో గెలిచి మనల్ని నాలుగో స్థానంలో వదిలింది. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం కూడా ఆ జట్టులోనే ఉన్నాడు.

మనల్ని ఓడించిన యుగొస్లావియాయే ఫైనల్లో సోవియట్‌కు ఎదురు నిలిచింది. అంతకు ముందు సెమీఫైనల్లో బల్గేరియా సోవియట్‌కు చుక్కలు చూపించింది. అప్పట్లో సబ్‌స్టిట్యూట్లు లేరు. టిష్చెంకో అనే డిఫెండర్ భుజం ఎముక విరిగినా చెయ్యి కట్టేసుకుని మైదానంలోనే ఉన్నాడు. అదనపు సమయంలో బల్గేరియా ముందుగా గోల్ కొట్టింది. దాన్ని సమం చేసినవాడు ఎడ్వర్డ్ స్ట్రెల్త్సోవ్, వయసు 19. ఆ తర్వాత టతూషిన్ కొట్టిన గోల్‌తో సోవియట్ ఫైనల్ చేరింది. స్ట్రెల్త్సోవ్ ఆ గోల్ కొట్టకపోతే జట్టు అక్కడే ఇంటిదారి పట్టేది.

అలాంటి కుర్రాణ్ణి కోచ్ కచాలిన్ ఫైనల్లో ఆడించలేదు. కారణం ఉంది. క్లబ్బులో స్ట్రెల్త్సోవ్‌కు జోడీగా ఆడే ఇవనోవ్ గాయపడ్డాడు. ఒకరి కదలిక ఒకరికి తెలిసినవాళ్లు ముందు వరసలో ఉంటే మేలని కచాలిన్ లెక్క. అందుకని అయిదుగురు ఫార్వర్డ్‌లనూ స్పార్టక్ వాళ్లనే దింపాడు. నడుమ సిమోన్యాన్. సోవియట్ 1-0తో గెలిచింది. స్వర్ణ పతకాలు మాత్రం ఫైనల్ ఆడిన పదకొండు మందికే ఇచ్చారు. అప్పటి నిబంధన అది.

ముప్పై ఏళ్ల సిమోన్యాన్ తన పతకం తీసుకెళ్లి స్ట్రెల్త్సోవ్‌కు ఇవ్వబోయాడు. ఇది నీకు రావలసింది అన్నాడు. కుర్రాడు ఒప్పుకోలేదు. నేను చిన్నవాణ్ణి, ముందుముందు ఎన్నో గెలుస్తానన్నట్టు చెప్పి తిప్పి పంపాడు. ఆ తర్వాత ఏడాదిన్నరకే, 1958 ప్రపంచ కప్‌కు ముందు, స్ట్రెల్త్సోవ్ అరెస్టయి జైలుకు వెళ్లాడు. 1965లో మళ్లీ ఆటలోకి వచ్చి తన క్లబ్బుకు లీగ్ గెలిపించాడు గానీ ఒలింపిక్ పతకం మాత్రం జీవితంలో అందలేదు. 1990లో చనిపోయాడు.

ఇప్పుడు మా జిల్లా సంగతికి వస్తాను. నేను రిటైరయ్యే ముందు రోజుల్లో మా బళ్లో ఆడపిల్లల జట్టు బాగా తయారైంది. ఒక టోర్నీలో ఫైనల్ దాకా వెళ్లాం. పేరు చెప్పను, నిర్వాహకుల మీద నాకిప్పుడు కక్ష లేదు. సెమీస్‌లో గోల్ కొట్టింది ఒక సన్నటి పిల్ల, ఎడమ కాలితో ఆడేది. నాన్న ఆటో నడిపేవాడు. ఫైనల్లో ఎదుటి జట్టు డిఫెండర్లు ఇద్దరూ బాగా పొడుగు. మాకు తలతో ఆడగల పిల్ల ముందు కావలసి వచ్చింది. ఎడమ కాలి పిల్లను పక్కన కూర్చోబెట్టి ఇంకో అమ్మాయిని దింపాను. ఒక్క గోల్‌తో గెలిచాం. ఆ నిర్ణయం సరైనదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. చివర్లో ఆ పిల్లను దింపుదామని చూశాను గానీ, మా హాఫ్‌లో మనిషి తగ్గితే కష్టమనిపించి ఆగిపోయాను.

బహుమతులప్పుడు మైకులో పదకొండు పేర్లే పిలిచారు. మిగతావాళ్లకు పార్టిసిపేషన్ సర్టిఫికెట్ ఇస్తాం, మెరిట్ సర్టిఫికెట్ ఫైనల్ ఆడినవాళ్లకే అన్నారు. సెమీస్ స్కోరు షీట్ తెచ్చి చూపించాను. ఇది ఫైనల్ షీట్ కాదు కదా మాస్టారూ అన్నాడు టేబుల్ దగ్గర కూర్చున్నాయన. ఎండలో ఓ గంట నిలబడ్డాం. ఈలోగా ఫైనల్లో దిగిన అమ్మాయి తన మెడలో పతకం తీసి ఆ పిల్ల మెడలో వేసి, "ఇది నీదేనే, ఉంచుకో" అంది. ఇద్దరూ ఫొటో దిగారు. ఆ వయసు పిల్లలకు సిమోన్యాన్ ఎవరో తెలియదు, నేనూ ఎప్పుడూ చెప్పలేదు. వాళ్లకై వాళ్లకే తోచింది.

అయితే పతకం మెడ మారుతుంది గానీ సర్టిఫికెట్ మీద పేరు మారదు. స్పోర్ట్స్ కోటాలో సీటుకు వెళ్లినప్పుడు పతకం ఎవరికీ అక్కర్లేదు. వెరిఫికేషన్ టేబుల్ మీద పెట్టాల్సింది కాగితం. దానికి లామినేషన్ చేయించి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, తండ్రీ కూతుళ్లు తెల్లారే బస్సెక్కి వెళ్తారు. మెరిట్ అన్న మాట ఉంటే ఒక వరస, పార్టిసిపేషన్ అని ఉంటే వేరే వరస. ఆ పిల్లకు కోటాలో సీటు రాలేదు. డిగ్రీ చదివింది, ఇప్పుడు మిర్చి యార్డు వైపు ఒక కోల్డ్ స్టోరేజీలో అకౌంట్స్ చూస్తోంది. కష్టపడే పిల్ల, బాగానే ఉంది. ఆట మాత్రం ఇంటర్‌తోనే మానేసింది. వ్యాయామ విద్య చదివి నాలాగే పిల్లలకు నేర్పాలని ఉండేది దానికి. చక్కటి కోచ్ అయ్యేది. బెంచీ మీద కూర్చుని కూడా ఎదుటి జట్టులో ఎవరు అలసిపోయారో నాకంటే ముందు చెప్పేది.

ఇలాంటి నిబంధన వల్ల ఇంకో నష్టం ఉంది. అది బయటివాళ్లకు కనిపించదు. ఫైనల్ ఆడినవాళ్లకే కాగితం అని తెలిస్తే, ముందు రోజు రాత్రి నుంచే కోచ్‌కు ఫోన్లు మొదలవుతాయి. మా వాణ్ణి ఒక్క పది నిమిషాలు దింపండి సార్, ఇంజినీరింగ్ సీటు సంగతి అంటారు. వార్డులో పెద్దమనుషులతో చెప్పిస్తారు. తల్లిదండ్రులను తప్పుపట్టను, వాళ్ల టెన్షన్ వాళ్లది. కానీ కోచ్ అక్కడ ఆట చూసి పదకొండు మందిని ఎంచుకోవాలా, సీట్ల లెక్క చూసి ఎంచుకోవాలా? జట్టులో అందరికీ ఒకే కాగితం అని ముందే తెలిస్తే కోచ్ చేతులు స్వేచ్ఛగా ఉంటాయి. ఎవరిని కూర్చోబెట్టినా ఆ పిల్లకు అన్యాయం చేశానన్న బాధ ఉండదు.

మంచి కోచ్‌కు ఆ స్వేచ్ఛ దొరికితే ఏం చేయగలడో సిమోన్యాన్ రెండో జీవితంలో కనిపిస్తుంది. ఆట మానగానే 1960లో స్పార్టక్‌కు కోచ్ అయ్యాడు, అప్పటికి 33 ఏళ్లు. నిన్నటిదాకా పక్కన ఆడినవాళ్లకు ఇవాళ చోటు లేదని చెప్పాల్సిన పని అది. ఆయన హయాంలో స్పార్టక్ 1962లోనూ 1969లోనూ లీగ్ గెలిచింది, 1963, 1965, 1971లలో సోవియట్ కప్ గెలిచింది. తర్వాత 1973లో, అప్పట్లో సోవియట్‌లో భాగమైన ఆర్మేనియా రాజధాని యెరెవాన్ వెళ్లి అక్కడి అరారత్ జట్టును చేతిలోకి తీసుకున్నాడు. నా సోషల్ పుస్తకం అట్ట మీది జట్టు అదే.

ఆ ఏడాది అరారత్ లీగూ కప్పూ రెండూ గెలిచింది. 1970 జనాభా లెక్కల్లో ఆర్మేనియా మొత్తం జనం సుమారు 25 లక్షలు. మన ఉమ్మడి గుంటూరు జిల్లాలో 2011 లెక్కల ప్రకారం దాదాపు 49 లక్షలు. అంటే మన పాత జిల్లాలో సగమంత దేశం, మాస్కో, కీవ్ జట్లను దాటుకుని పైకొచ్చింది. పైగా ఆ సీజన్‌లో డ్రా అయిన ప్రతి మ్యాచ్‌నూ పెనాల్టీలతో తేల్చేవారు. పెనాల్టీల్లో గెలిచిన జట్టుకే ఆ ఒక్క పాయింటు, ఓడినవాళ్లకు సున్నా. ప్రాణం తోడేసే పద్ధతి.

అక్టోబరు 10న మాస్కోలో కప్ ఫైనల్, ఎదుట కీవ్ డైనమో. కొలొతోవ్ పెనాల్టీతో కీవ్ ముందుకెళ్లింది. ఆట అయిపోవస్తోంది. కీవ్ కోచ్ తన జట్టులో మెరికల్లాంటి కుర్రాళ్లు బ్లోఖిన్, బుర్యాక్‌లను బయటికి పిలిచాడు. 89వ నిమిషంలో అరారత్ ఆటగాడు లెవోన్ ఇష్తోయాన్ సమం చేశాడు. అదనపు సమయంలో రెండో గోల్ కూడా అతనే కొట్టాడు. 2-1. ఆ మార్పుల దెబ్బకు కీవ్ కోచ్ ఉద్యోగమే పోయింది. సిమోన్యాన్‌కు ఇంకో రెండు రోజుల్లో 47 నిండుతాయి. ఒకప్పుడు స్ట్రెల్త్సోవ్ కూర్చున్న చోట ఎవరో ఒకరిని కూర్చోబెట్టే అధికారం ఇప్పుడు తన చేతిలోనే ఉంది. అలా కూర్చున్నవాడికి ఎలా ఉంటుందో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? నాకు ఆయన మీద గౌరవం 34 గోల్స్ వల్ల కంటే దీనివల్లే ఎక్కువ.

1977 నుంచి 1979 దాకా సోవియట్ జాతీయ జట్టును చూశాడు, ఆపైన ఒడెస్సాలో పనిచేశాడు, 1984లో మరోసారి అరారత్‌కు వచ్చాడు. అవన్నీ రాస్తే మీ పేజీ చాలదు.

ఫైనల్ ఆడినవాళ్లకే పతకం అనే పద్ధతిని ఫుట్‌బాల్ పెద్దలు ఎప్పుడో వదిలేశారు. ప్రపంచ కప్‌లో 1978 నుంచి గెలిచిన జట్టులో అందరికీ పతకాలు ఇస్తున్నారు. అంతటితో ఆగకుండా 2007లో ఫిఫా వెనక్కి వెళ్లి, 1930 నుంచి 1974 దాకా గెలిచిన జట్లలో అప్పుడు అందనివాళ్లకు కూడా ఇవ్వాలని నిర్ణయించింది. గాయంతో 1962 ఫైనల్ ఆడలేకపోయిన పెలేకు ఆ పతకం అలాగే వచ్చింది. 1966లో ఇంగ్లండ్ గెలిచినప్పుడు ఫైనల్లో చోటు దక్కని జిమ్మీ గ్రీవ్స్‌కు 2009లో చేతికందింది. నలభై మూడేళ్ల తర్వాతైనా ఇచ్చారు. ప్రపంచ కప్‌కే సాధ్యమైన పని మన మండల, జిల్లా పోటీలకు ఎందుకు సాధ్యం కాదు? జట్టుకు పద్దెనిమిది కాగితాల ప్రింటింగ్ ఖర్చు ఎంతవుతుంది?

కొన్ని టోర్నీల్లో మంచి నిర్వాహకులు జట్టు మొత్తానికీ మెరిట్ సర్టిఫికెట్ ఇస్తున్నారు, అది నేను చూశాను. ఇవ్వనిచోటే గొడవ. ఇచ్చేదీ ఇవ్వనిదీ నిర్వాహకుల మనసును బట్టి ఉండకూడదు. పోటీ మొదలైన రోజే ప్రతి జట్టు నుంచి పూర్తి పేర్ల జాబితా, రిజర్వ్ గోల్‌కీపర్‌తో సహా, హెడ్‌మాస్టర్ సంతకంతో తీసుకోవాలి. సర్టిఫికెట్లు ఆ జాబితా ప్రకారమే రాయాలి, ఫైనల్ షీట్ చూసి కాదు. దొంగ పేర్లు ఎక్కిస్తారని కొందరంటారు. మొదటి రోజే జాబితా తీసుకుని, ఫొటో అతికించి, ఒక కాపీ విద్యాశాఖ ఆఫీసుకు పంపితే తర్వాత ఎవరూ పేరు చేర్చలేరు. దొంగ పేర్లు చేరేది ఫైనల్ రోజు హడావిడిలోనే, అది మాలాంటివాళ్లకు తెలుసు.

మీ పత్రికను కోరేది రెండు సంగతులు. గెలిచిన జట్టు ఫొటో వేసినప్పుడు అందరి పేర్లూ వేయండి, అక్షరాలు చిన్నవైనా ఫర్వాలేదు. నిర్వాహకులు పదకొండే పంపితే మిగతావి అడిగి తెప్పించండి. మీరు అడుగుతారని తెలిస్తే వాళ్లే పంపుతారు. రెండోది, అక్టోబరు 12కు సిమోన్యాన్ గురించి, డిసెంబరులో మెల్‌బోర్న్‌కు డెబ్బై ఏళ్లు నిండే సందర్భంలో రహీం మాస్టారి జట్టు గురించి క్రీడా పేజీలో ఒక వ్యాసం వేయండి. మా దగ్గర ఆడుతున్న పిల్లలు చదువుతారు.

మా బళ్లో చివరి కొన్నేళ్లు వాడిన జట్టు జాబితా నమూనా ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను. పద్దెనిమిది గడులు, ఫొటోకు చోటు, కింద సంతకాలు. ఎవరికైనా పనికొస్తే వాడుకోవచ్చు. ఇంకా ఏమైనా వివరం కావాలంటే నేను రోజూ ఉదయం బ్రహ్మానందరెడ్డి స్టేడియం దగ్గరే ఉంటాను.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
బ్రాడీపేట, గుంటూరు.